గాలం పక్కనే తేలే నీటికాకి: అంత దగ్గరికి ఎందుకొస్తుంది, మన దారంతో దానికేంటి ప్రమాదం

చెరువు కట్ట మీద గాలమేసి కూర్చునే వాళ్లలో ఇది చూడని వాళ్లు దాదాపు ఉండరు. బెండు కదలట్లేదు, నీళ్లు నిమ్మళంగా ఉన్నాయి, ఉన్నట్టుండి బెండుకి నాలుగడుగుల దూరంలో నల్లటి మెడ ఒకటి పైకి లేస్తుంది, అటూ ఇటూ చూస్తుంది, మనల్ని చూసి ఒక్క క్షణం ఆగి మళ్లీ బుడుంగున మునిగిపోతుంది. ఇక పక్కనున్న వాళ్లు తలా ఒక మాట. ఒకాయన ఇది దొంగది, ఇదుంటే ఇవాళ ఒక్క చేపా పడదంటాడు, ఇంకొకాయన చేపలున్న చోటికే వస్తుంది కాబట్టి మంచిదే అంటాడు, మూడో ఆయన అప్పటికే రాయి వెతుకుతుంటాడు.

ఇందులో అసలు మూడు వేర్వేరు ప్రశ్నలున్నాయి, అవన్నీ కలిసిపోయి ఒకటే గొడవలా కనిపిస్తాయి. అది ఎందుకంత దగ్గరికొస్తుంది, అది నిజంగా మన చేపల్ని తగ్గిస్తుందా, ఈ దగ్గరితనంలో నష్టపోయేది ఎవరు. నాకు ముఖ్యమనిపించేది మూడోది, కానీ మొదటిది అర్థం కాకపోతే మూడోది అర్థం కాదు, ఎందుకో కింద చూద్దాం.

ముందు పిట్టల్ని గుర్తుపట్టాలి, అన్నిటినీ నీళ్లకోడి అనేస్తే కుదరదు. మన చెరువుల్లో ఎక్కువ కనిపించేది చిన్న నీటికాకి, అంటే లిటిల్ కార్మొరెంట్, యాభై సెంటీమీటర్ల పిట్ట, ఒళ్లంతా నలుపు, మూతి పొట్టిగా ఉంటుంది. దానికంటే కాస్త పెద్దది, మూతి సన్నగా పొడుగ్గా ఉండేది ఇండియన్ కార్మొరెంట్, ఇది గుంపులు గుంపులుగా తిరుగుతుంది. గ్రేట్ కార్మొరెంట్ ఇంకా పెద్దది, పెద్ద రిజర్వాయర్ల దగ్గర కనిపిస్తుంది. ఈ మూడిటికీ మూతి చివర కిందకి వంగిన కొక్కెం ఉంటుంది, చేప జారిపోకుండా.

తర్వాత డార్టర్, పాముమెడ పిట్ట. దీని ఒళ్లంతా నీళ్లలోనే ఉండి మెడ ఒక్కటే పైన కనిపిస్తుంది కాబట్టి తెలియని వాళ్లు పాము పాము అని లేచి పరిగెడతారు. దీని మూతికి కొక్కెం లేదు, బాకులా సూటిగా ఉంటుంది. నీటికాకి తరిమి పడితే ఇది గడ్డి మధ్యలో నెమ్మదిగా కదులుతూ, మెడని మడిచి, దగ్గరికొచ్చిన చేపని ఒక్క పోటు పొడుస్తుంది. దాని మెడ ఎముకల్లో ఒక చోట ప్రత్యేకమైన మడత ఉంటుంది, అదే ఆ పోటుకి వేగం ఇచ్చేది. పొడిచిన చేపని పైకి తెచ్చి, విదిలించి, గాల్లోకి ఎగరేసి తల వైపు నుంచి మింగుతుంది. మీ వలలోనో గాలానికో పడ్డ చేప పక్కన దగ్గర దగ్గరగా రెండు సన్నటి చిల్లులు కనిపిస్తే అది డార్టర్ పని అయ్యుండొచ్చు, పొడిచేటప్పుడు అది మూతిని కొంచెం తెరిచే పొడుస్తుంది.

మూడోది బుడబుంగ, మునుగుడుకోడి అని కూడా అంటారు. కుంటల్లో కనిపించే ఆ బొద్దుగా ఉండే చిన్న పిట్ట, మనం చూసేలోపే మునిగి ఇంకెక్కడో తేలుతుంది. దీని తిండి ఎక్కువగా నీటి పురుగులు, తోకకప్పలు, చిన్న చిన్న చేపపిల్లలు. లకుముకి పిట్ట కూడా మునుగుతుంది కానీ అది పైనుంచి దూకి క్షణంలో బయటికొచ్చేస్తుంది, నీళ్లలో తరమదు, కాబట్టి దాన్ని ఈ లెక్కలోకి తీసుకోవట్లేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్న. బాతు ఎప్పుడూ నీటి మీద తేలుతుంది ఎందుకంటే దాని ఈకల్లో గాలి నిండుగా ఉంటుంది, నీళ్లు లోపలికి పోవు. మునిగి వేటాడే పిట్టకి ఆ గాలే శత్రువు, పైకి నెట్టేస్తుంటుంది. అందుకే నీటికాకి ఈకల పైభాగం తడుస్తుంది, ఒంటికి ఆనుకున్న లోపలి పొర మాత్రం పొడిగా ఉంటుంది, అంటే చలి తగలదు, తేలే గుణం తగ్గుతుంది. డార్టర్ అయితే ఇంకా ఎక్కువ తడుస్తుంది, అందుకే ఒళ్లు ములిగిపోయి మెడ మాత్రమే పైన ఉంటుంది. వేట అయ్యాక ఎండు కొమ్మ మీద రెక్కలు చాపి కూర్చునేది ఆ తడి ఆరడానికే. నీటికాకి కాలి వేళ్లు నాలుగూ ఒకే పొరతో కలిసి ఉంటాయి, నీళ్లలో రెక్కలు ముడుచుకుని ఆ కాళ్లతోనే తోసుకుంటూ పోతుంది. పెద్దయ్యాక దానికి బయటి ముక్కు రంధ్రాలు మూసుకుపోతాయి, గాలి పీల్చేది నోటితోనే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తుంది.

కళ్ల దగ్గరే అసలు కథ ఉంది. మనం చెరువులో కళ్లు తెరిస్తే అంతా మసగ్గా కనిపిస్తుంది కదా, కంటి ముందు పొర గాల్లో చేసే పని నీళ్లలో చెయ్యలేదు కాబట్టి. నీటికాకి దానికి ఒక ఉపాయం సంపాదించుకుంది, కంటి లోపలి కండరాలతో కటకాన్ని గట్టిగా నొక్కి గుండ్రంగా చేసి ఫోకస్ సరిచేసుకుంటుంది. అందుకని అది నీళ్లలో డేగలా చూస్తుందని చాలాకాలం అందరూ అనుకున్నారు. 2007లో గ్రేట్ కార్మొరెంట్ల మీద వచ్చిన ఒక పరిశోధనలో తేలింది వేరు, నీళ్లలో దాని చూపు సూక్ష్మత మాస్క్ లేని మనిషి చూపుకి కాస్త అటూ ఇటూగానే ఉంది, ఒక్కో చేపని అది గుర్తుపట్టేది మీటరు దూరం లోపే. అంటే దూరం నుంచి చూసి తరుముకుంటూ పోయే వేట కాదది. గడ్డిలో, రాళ్ల పక్కన, అడుగున తిరుగుతూ చేపని బెదరగొట్టి, కదిలింది కదలగానే మెడ చాచి అందుకునే వేట. వానాకాలం ఎర్రనీళ్లొచ్చిన మన చెరువులో అయితే ఆ మీటరు కూడా ఉండదు.

ఇది తెలిశాక నాలుగడుగుల దూరంలో తేలిన పిట్ట సంగతి వేరేగా కనిపిస్తుంది. అది మీ దగ్గరికి రావాలని రాలేదు. నీళ్లలో ఉన్నంతసేపూ దానికి మీరు లేరు, బెండు లేదు, దారం లేదు, మూతి ముందున్న మీటరు నీళ్లే దాని లోకం, ఊపిరి అయిపోయిన చోట పైకి లేచింది, లేచాక చూస్తే మీరున్నారు. ఆ ఆగిన క్షణం అదే.

మనం కూడా దాన్ని మనకి తెలియకుండానే పిలుస్తుంటాం. తవుడు ముద్దలు, పిండి విసిరితే ముందు చేరేది పెద్ద బొచ్చె కాదు, పరిగెలు, చందమామలు, చిన్న జిలేబీలు. చిన్న చేప గుంపు కట్టిన చోటే నీటికాకికి పని సులువు. గాలానికి పడి గింజుకునే చేప ఇంకా పెద్ద పిలుపు, తప్పించుకోలేని చేపంటే ఏ వేటగాడైనా దానివైపే వస్తాడు. అలాగే చిన్నచేప ఆకారంలో ఉండే ప్లాస్టిక్ ఎరలు, మూడు ముళ్ల కొక్కేలున్నవి, ఇప్పుడు కుర్రాళ్లు బాగా వాడుతున్నారు, అది నిజం చేప కాదని మసక నీళ్లలో ఈ పిట్ట ఎలా తెలుసుకుంటుంది చెప్పండి.

రెండో ప్రశ్న, మన చేపల్ని తగ్గిస్తుందా అంటే, దీనికి అవును కాదు అని ఒక్క మాటలో జవాబు ఎవరు చెప్పినా నమ్మొద్దు, చేప సైజుని బట్టి, చెరువుని బట్టి జవాబు మారుతుంది. గ్రేట్ కార్మొరెంట్ లాంటి పెద్దది రోజుకి అటూ ఇటూగా అర కిలో చేపలు తింటుంది, మన చిన్న నీటికాకి దానికంటే చాలా చిన్నది, తిండీ తక్కువే. ఇవి ఏం తింటాయో తెలుసుకోవడానికి ఒక మంచి దారి ఉంది, అరగని ఎముకలు, చేప చెవి లోపలి గట్టి రాళ్లు ఉండలా చేసి బయటికి కక్కేస్తాయి, వాటిని ఏరి చూస్తే ఏ చేప, ఎంత సైజు అన్నది తెలుస్తుంది. చిన్న నీటికాకి గొంతులో పట్టేది వేళ్లంత చేపలు. మీరు గాలానికి ఆశపడే కిలో శీలావతి, రెండు కిలోల బొచ్చె దాని తిండి కానే కావు. గట్టు మీద కూర్చున్న మనిషి ఇవాళ చేప పడకపోవడానికి దాన్ని తిట్టడం అన్యాయం, మహా అయితే అది పక్కన మునిగినప్పుడు చేపలు బెదిరి కాసేపు జరుగుతాయి, అంతే.

చేపపిల్లల దగ్గరికొస్తే మాత్రం లెక్క మారుతుంది, అక్కడ జాలర్ల బాధ నిజం, దాన్ని కొట్టిపారేసే పక్షిప్రేమికుల్ని చూస్తే నాకు కోపమొస్తుంది. తెలంగాణలో 2016లో ఉచిత చేపపిల్లల పంపిణీ మొదలయ్యాక ప్రతి ఏడాదీ చెరువుల్లో సీడ్ వదులుతున్నారు, చిన్న చెరువులకి ఇచ్చేది 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్ల. లారీలో కుదుపులు తిని, కవర్లలోంచి కొత్త నీళ్లలో పడి, దిక్కు తెలియక ఒడ్డునే గుంపుగా నిలబడ్డ పిల్ల అది. దాన్ని పొద్దున్నే అందరూ చూస్తుండగా ఒకే చోట కుమ్మరిస్తే నీటికాకులు, కొంగలు రాకుండా ఎలా ఉంటాయి. నీటికాకులు పగటి వేటగాళ్లు, చీకటి పడేసరికి చెట్లకి చేరతాయి. సాయంత్రం పొద్దుగూకే వేళ, నాలుగైదు చోట్ల, కాస్త గడ్డి ఉన్న వైపు, కవర్లని కాసేపు నీళ్లలో తేలనిచ్చి వేడి సమం అయ్యాక వదిలితే ఆ పిల్లకి ఒక రాత్రి మొత్తం సర్దుకోవడానికి దొరుకుతుంది. ఖర్చు లేని పని ఇది. కొల్లేరు చుట్టుపక్కల, గోదావరి జిల్లాల్లో చేపల చెరువులోళ్లు ఇంకో దారిలో పోయారు, వంద గ్రాములు దాటేదాకా పెంచిన ఏడాది పిల్లని చెరువులో వేస్తారు. వాళ్లు అది పిట్టల కోసం కాదు, త్వరగా పెరుగుతుందని చేస్తారు, కానీ చిన్న నీటికాకి నోటికి అందని సైజు కాబట్టి ఆ భయమూ తీరుతుంది. ఇక మిగిలేది నర్సరీ చెరువులే, కాపలా అయినా పైన కప్పే వల అయినా అక్కడ పెడితే చాలు.

చంపితే తగ్గుతాయి కదా అంటారు. అమెరికాలో అదే చేసి చూశారు. అక్కడి డబుల్ క్రెస్టెడ్ కార్మొరెంట్ డీడీటీ అనే పురుగుమందు వల్ల బాగా తగ్గిపోయి, 1972లో ఆ మందుని నిషేధించాక మళ్లీ పుంజుకుంది, మిసిసిపీ వైపు క్యాట్‌ఫిష్ రైతులు గగ్గోలు పెట్టారు, 1998లో ఆక్వా చెరువుల దగ్గర, 2003లో ఇంకా విస్తారంగా కాల్చడానికి ప్రభుత్వం వీలిచ్చింది, 2016లో కోర్టు ఆ ఉత్తర్వుల్ని కొట్టేసింది. తిండి దొరికే చోట ఒక గుంపుని కాలిస్తే ఇంకో గుంపు వచ్చి దిగుతుంది, ఎగిరే పిట్టతో వచ్చిన చిక్కే అది. మన దగ్గరైతే 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద వీటిని చంపడం, పట్టడం, అమ్మడం నేరం, చేపలు తిన్నాయన్నా ఆ నేరం పోదు.

దీనికి ఇంకో వైపూ చూడాలి. ఈ పిట్టలు తిని చెరువుకి తిరిగిచ్చేది కూడా ఉంది. తమిళనాడు వేడంతాంగల్‌లో పిట్టల రెట్టతో బలం పట్టిన చెరువు నీళ్లు పొలాలకి మంచివని ఊరోళ్లే వందల ఏళ్లుగా వాటిని కాపాడుకుంటూ వచ్చారు. మన నెల్లూరు వైపు నేలపట్టులో, గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలతో పాటు నీటికాకులూ చేరతాయి, ఊరి మధ్యే, మనుషుల పక్కనే. రెట్టలోని ఎరువు నీళ్లలో కలిస్తే పాచి, దాని మీద బతికే సన్న పురుగు పెరుగుతాయి, బొచ్చె తినేది ఆ పురుగునే.

ఇక మూడో ప్రశ్న. ఈ దగ్గరితనంలో ఎవరు నష్టపోతారు అంటే, ఆ పిట్టే.

మీటరు దూరం లోపే చేపని చూడగలిగే పిట్ట, సన్నటి పారదర్శకమైన నైలాన్ దారాన్ని ఎంత దూరం నుంచి చూస్తుంది? ఆ దారం తయారు చేసిందే చేప కంటికి కనపడకూడదని. నిలబెట్టిన వలలో చిక్కుకుని గింజుకుంటున్న చేప కోసం అది సూటిగా వెళ్తుంది, తల గడిలోకి దూరుతుంది, వెనక్కి రావడానికి కాళ్లతో తోసుకుంటే ఇంకా బిగుసుకుంటుంది, సాధారణంగా అర నిమిషం అటూ ఇటూగా మునిగే పిట్టకి ఇంక ఎంతసేపు ఉంటుంది ఊపిరి. చేపకైతే వలలో పడ్డా కాసేపు ప్రాణం ఉంటుంది, పిట్టకి ఆ కాసేపు కూడా ఉండదు. ప్రపంచం మొత్తం మీద ఇలా నిలువు వలల్లో పడి చచ్చిపోయే సముద్రపు, తీరపు పక్షులు ఏడాదికి కనీసం 4 లక్షలని 2013లో ఒక అంచనా వేశారు, వాటిలో ఎక్కువ మునిగి వేటాడేవే. నడిసముద్రంలో మైళ్ల పొడవున వేసే పెద్ద తేలుడు వలల్ని ఆపాలని ఐక్యరాజ్యసమితి తీర్మానం చేసి 1992 చివరి నుంచి అమల్లో పెట్టింది కూడా ఇలా ఉద్దేశం లేకుండా చచ్చే ప్రాణుల కోసమే. మన ఊరి చెరువు ఆ లెక్కల్లోకి రాదు, కానీ వలలో జరిగేది అదే.

చేపలు పట్టుకుని బతికే వాళ్లని వల వెయ్యొద్దని ఎవరంటారు. టైమ్ మారిస్తే చాలావరకు తప్పుతుంది. పొద్దుగూకాక వేసి, వెలుగు రాకముందే తీసేస్తే నీటికాకులు, బుడబుంగలు ఆ వలని కలవవు, చాలామంది జాలర్లు ఎలాగూ రాత్రే వేస్తారు కాబట్టి తియ్యడం ఆలస్యం చెయ్యకపోవడమే అసలు సంగతి, ఎందుకంటే తెల్లవారాక మొదటి రెండు గంటలు పిట్టలు గట్టిగా వేటాడే వేళ. పిట్టలు రాత్రి నిద్రపోయే తుమ్మ చెట్ల కింద వల కట్టకపోవడం ఇంకోటి. చిరిగిన వల, తెగిన దారం గట్టున పారేయకుండా తీసుకుపోవడం మరొకటి, నైలాన్ చివకదు, ఎవరూ ఎత్తని వల ఏళ్ల తరబడి పట్టుకుంటూనే ఉంటుంది, తినే వాళ్లుండరు. చేపల చెరువుల మీద పిట్టలు రాకుండా దారాలు కడతారు చూడండి, అక్కడ సన్నటి తెల్ల దారం కట్టొద్దు, అది ఆపదు, కోస్తుంది. లావుపాటి రంగు తాడు కట్టండి, పిట్ట దూరం నుంచే చూసి తప్పుకుంటుంది, గాల్లో దాని చూపు బాగానే ఉంటుంది కదా.

అమెరికాలో, కెనడాలో ఉన్న మనవాళ్లు వీకెండ్‌లో సరస్సుల దగ్గరికి ఫిషింగ్‌కి వెళ్తుంటారు, వాళ్లకి ఒక మాట. అక్కడ లూన్ అని అందమైన మునిగే పిట్ట ఉంది, మిన్నెసోటా రాష్ట్రపక్షి అదే. దాన్ని వల కంటే ఎక్కువ చంపేది గాలం దారానికి కట్టే సీసం బరువు. తిండి అరగడానికి అది అడుగున ఉన్న గులకరాళ్లు మింగుతుంది, వాటితో పాటు జారిపోయిన సీసం గుండూ మింగేస్తుంది, లేదా సీసం మింగిన చేపని తింటుంది, పొట్టలో ఆ సీసం అరిగి రక్తంలో కలిసి చచ్చిపోతుంది. ఇంగ్లండ్‌లో హంసలు ఇలాగే పోతుంటే 1987లో చిన్న సీసం బరువుల అమ్మకం ఆపేశారు. సీసం బదులు ఉక్కుదో టంగ్‌స్టన్‌దో వాడితే సరిపోతుంది, మన దగ్గర కూడా సీసం మానేస్తే మంచిదే.

ఇంత జాగ్రత్తపడ్డా ఎప్పుడో ఒకసారి పిట్ట గాలానికి పడుతుంది. అప్పుడు అందరూ చేసే పని భయపడి దారం తెంపేయడం, పోతుందిలే బతుకుతుందిలే అని. ఇంతకంటే చెడ్డ పని లేదు. ఆ దారం వేలాడేసుకుని అది సాయంత్రం తన చెట్టుకి పోతుంది, దారం కొమ్మకి చుట్టుకుంటుంది, తలకిందులుగా వేలాడి రోజుల తరబడి చస్తుంది. కాబట్టి తెంపొద్దు, నెమ్మదిగా లాగండి, గింజుకుంటే ఆగండి, చేపల్ని ఎత్తే చేతివల ఉంటే దాంతో ఎత్తండి. ముందు తల మీద తువ్వాలు కప్పాలి, చీకటైతే పిట్ట నెమ్మదిస్తుంది. మీ ముఖం దూరంగా పెట్టుకోండి, నీటికాకి కళ్ల వైపు పొడుస్తుంది, డార్టర్ ఇంకా ప్రమాదం, ఆ బాకు మూతి సంగతి చెప్పాను కదా. రెక్కల్ని ఒంటికి అదిమి ఒకరు పట్టుకుంటే ఇంకొకరు కొక్కెం చూడాలి. మూతిని పట్టుకోవచ్చు కానీ గట్టిగా మూసి నొక్కొద్దు, రబ్బరు బ్యాండ్ వెయ్యొద్దు, ముక్కు రంధ్రాలు లేవు కాబట్టి నోరు మూస్తే ఊపిరాడదు, రెండు దవడల మధ్య వేలు సందు ఉండనివ్వండి. కొక్కేన్ని వెనక్కి లాగితే దాని అడ్డమొన, అంటే మొన పక్కన వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లు, కండని చీలుస్తుంది, అందుకని మొనని ముందుకే తోసి బయటికి తెచ్చి, ప్లయర్‌తో ఆ అడ్డమొన కత్తిరించి, అప్పుడు వెనక్కి తియ్యాలి. ఒంటికి చుట్టుకున్న దారం అంతా తీశామా లేదా అని కాళ్ల మధ్య, రెక్కల కింద రెండుసార్లు చూడండి. కొక్కెం గొంతులోకి మింగేసి ఉంటే మాత్రం మీరు లాగొద్దు, గాలి ఆడే అట్టపెట్టెలో పెట్టి అటవీశాఖ వాళ్లకో, పక్షుల్ని చూసే పశువైద్యుడికో అప్పగించాలి.

గాయం చిన్నదై, పిట్ట హుషారుగా ఉంటే నీటికాకిని గట్టు మీద వదిలినా పర్లేదు, అది నడవగలదు, ఎగరగలదు. బుడబుంగని మాత్రం గట్టు మీద వదలకండి. దాని కాళ్లు ఒంటికి బాగా వెనక ఉంటాయి, నేల మీద సరిగ్గా నిలబడలేదు, ఎగరాలంటే నీటి మీద పరుగెత్తాల్సిందే, గట్టున పెడితే కదలకుండా కూర్చుంటుంది, దెబ్బ తగిలిందేమో అనుకుని మనం వెళ్లిపోతాం, కుక్కలు వస్తాయి. మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి, రెండు చేతులతో నీటి మీద పెట్టి వదిలేయండి, అది వెంటనే మునిగిపోతే అంతా బాగున్నట్టే.